కోత తర్వాత కాన్పు

గర్భిణుల ఓపీ దగ్గర బెంచీల మీద కూర్చునే ఆడవాళ్లు ఒకరినొకరు ముందుగా అడిగేది ఎన్నో నెల అని. ఆ తర్వాత అడిగేది మొదటిది నార్మలా, ఆపరేషనా అని. పేరు, ఊరు ఆ తర్వాతే. నేను "ఆపరేషన్" అని చెప్పేటప్పుడు నా గొంతు దానంతట అదే తగ్గిపోయేది. పక్కనున్నామె "అయ్యో" అనేది. ఎందుకు అయ్యో అన్నదో ఆమెకూ తెలియదు, ఎందుకు గొంతు తగ్గించానో నాకూ తెలియదు.

ఇప్పుడు నా రెండో కూతురు బోర్లాపడి ముందుకు పాకాలని చూస్తోంది. నేను మళ్లీ పనికి పోతున్నాను. డోర్నకల్‌లో ఒక చిన్న ప్రైవేటు బడిలో ఎల్‌కేజీ పిల్లలకు అక్షరాలు దిద్దించడం నా పని. భయం తగ్గింది కాబట్టి ఇది రాయగలుగుతున్నాను. మరిచిపోకముందే రాయాలని కూడా అనిపించింది. ఆ బెంచీల మీద ఇప్పుడు నాలాంటి ఆమె ఎవరో కూర్చొని ఉంటుంది. ఆమె ఏం చేయాలో నేను చెప్పలేను. ఏ కడుపుకు ఏది మంచిదో ఆ కడుపును చూసిన డాక్టరే చెప్పాలి. నాకు ఏం జరిగిందో అది మాత్రం చెప్తాను.

భూపాలపల్లి, మొదటి కాన్పు

అప్పట్లో మా ఆయన ప్రభాకర్ భూపాలపల్లిలో కాంట్రాక్టరు కింద బొగ్గు టిప్పర్ నడిపేవాడు. గనికి దగ్గర్లో ఒక గది అద్దెకు తీసుకుని ఉండేవాళ్లం. పొద్దున నొప్పులు మొదలైతే అక్కడి ఒక ప్రైవేటు ఆస్పత్రికి తీసుకుపోయాడు. పగలంతా నొప్పులు పడ్డాను. పొద్దుగూకే వేళకు ఉన్నట్టుండి అందరూ ఉరకడం మొదలుపెట్టారు. ఒకామె నా గాజులు తీసింది. ఇంకొకామె మంచాన్ని నెట్టింది. "ఏమైంది సిస్టర్? ఏమైంది?" అని అడుగుతూనే ఉన్నాను. నా ముఖం వైపు చూసిన వాళ్లు లేరు. పైకప్పు మీద ట్యూబులైట్లు ఒకదాని వెనుక ఒకటి పోతున్నాయి. ముక్కు మీద ఏదో పెట్టారు. అంతే.

మెలకువ వచ్చేసరికి నాలుక పిడచకట్టుకుపోయి ఉంది. కడుపులో బరువు లేదు. "బిడ్డ ఉన్నదా?" అని అడిగాను. అక్కడున్న ఆయమ్మ నవ్వింది. "ఉండక యాడికి పోతది?" అన్నది. బిడ్డను నా దగ్గరికి తెచ్చేసరికి మా ఆయన చూశాడు, మా అత్తమ్మ చూసింది, జనగామ నుంచి వచ్చిన మా అమ్మ చూసింది, పక్కింటామె కూడా చూసింది. అందరూ చూశాక నేను చూశాను.

కూతురికి స్నేహ అని పేరు పెట్టాం. పాలిచ్చాను, నీళ్లు పోశాను, జ్వరం వస్తే భుజం మీద వేసుకుని తిరిగాను. కానీ లోపల ఒక మాట మెదులుతూ ఉండేది. ఆ రోజు వీళ్లు ఇంకొకరి బిడ్డను తెచ్చి పక్కన పడుకోబెట్టినా ఇలాగే పాలిచ్చేదాన్ని కదా అని. ఆ మాట ఎవరితోనూ చెప్పలేదు. చెప్తే ఏమనుకుంటారో అని భయం. కుట్లు త్వరగానే మానాయి. ఈ మాట మానడానికి చాలా కాలం పట్టింది.

చూడవచ్చిన వాళ్లు ఊరుకోరు కదా. "నొప్పులు లేకుంట తీసిన్రు, సుఖపడ్డవ్ పో" అన్నారు కొందరు. పగలంతా పడ్డ నొప్పులు ఎవరి లెక్కలోకీ రాలేదు. అత్తమ్మ మంచిదే, కానీ ఆమె కూడా "జర ఓపిక పట్టి ఉంటే అయిపోతుండె" అన్నది ఒకసారి, గిన్నెలు సర్దుతూ, మామూలుగా. ఆ మాట పట్టుకుని నేను ఏళ్ల తరబడి వేలాడాను. నాకు ఓపిక లేక బిడ్డను కోసి తీశారని నిజంగానే నమ్మాను.

మూడో నెల, ఎండాకాలం

ప్రభాకర్‌కు రైల్వేలో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ ఉద్యోగం వచ్చింది. మేం డోర్నకల్‌లో అత్తమ్మ దగ్గరికి మారాం. స్నేహ బడికి పోయే వయసుకు వచ్చాక నాకు రెండోసారి నెల తప్పింది. చెప్పగానే ప్రభాకర్ నవ్వాడు. నవ్వు సగంలోనే ఆగిపోయింది. కిందికి చూస్తూ, "మంచిగ చూపించుకుందాం" అన్నాడు.

అత్తమ్మ ఆదివారం చర్చిలో ప్రార్థన పెట్టించింది. "ఈసారి దేవుని దయతోని నార్మలే అయితది చూడు" అన్నది. అదే రోజు మా అమ్మ ఫోన్‌లో ఇంకో మాట అన్నది.

"ఒక్కసారి కోసినంక మళ్ల నొప్పుల జోలికి పోకు బిడ్డా. ముందుగాలనే ఒక తారీఖు తీస్కొని ఆపరేషన్ చేయించుకో. నాకు మా రాజవ్వ యాదికొస్తది."

రాజవ్వ మా చిన్నమ్మ. అమ్మ పుట్టిల్లు కొత్తగూడ అడవిలో ఒక గూడెం. రాజవ్వకు నొప్పులు మొదలయ్యాక వాగు దాటించి బండిలో తీసుకువస్తుంటే దారిలోనే పోయింది. బిడ్డ కూడా దక్కలేదు. నేను పుట్టకముందు మాట అది. అమ్మకు మాత్రం నిన్నటి మాట. అప్పటికే అమ్మ పెళ్లయి జనగామలో ఉంది.

మా జిల్లా కేంద్రం మానుకోటలోని పెద్ద దవాఖానలో నన్ను చూసిన డాక్టరమ్మ నాకంటే కాస్త పెద్దది. నా రక్తం రిపోర్టు చూసి మొదట నవ్వింది.

"పక్కకే బయ్యారం గుట్టలున్నయి. గుట్టనిండా ఇనుమే. నీ రక్తంల ఇనుము లేకపోవుడేందమ్మా?"

బెంచీ మీద కూర్చున్న వాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత ఆమె, "మొదటిసారి ఆపరేషన్ ఎందుకు చేసిన్రు?" అని అడిగింది. ఆ ప్రశ్నకు ముగ్గురం మూడు జవాబులు చెప్పాం. ప్రభాకర్ బిడ్డ అడ్డం తిరిగిందని చెప్పాడు. ఉమ్మనీరు పోయిందన్నరని అత్తమ్మ చెప్పింది. నేను నోరు తెరిచి, "నాకు ఓపిక చాలలే" అన్నాను.

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "ఓపిక లేదని ఎవరూ కోయరమ్మా. అప్పటి కాగితాలున్నయా?"

లేవు. ఇల్లు మారినప్పుడే పోయాయి.

"కోత ఏ తీరుగ పెట్టిన్రో, ఎందుకు పెట్టిన్రో తెల్వకుంట నేను మాటియ్యలేను. కొందరికి నార్మల్‌కు ప్రయత్నం చెయ్యొచ్చు, కొందరికి అసలు చెయ్యొద్దు. చేసిన డాక్టర్ ఉంటే పోయి అడిగి రండి" అన్నది.

ఐదో నెల, వానలు

భూపాలపల్లికి పోవడం అంటే నాకు ఆ పైకప్పు లైట్ల కిందికి మళ్లీ పోవడమే. ఇవాళ, రేపు అంటూ వాయిదా వేశాను. చివరికి ప్రభాకర్ సెలవు పెట్టి, "పోదాం పా" అన్నాడు. బస్సులు మారి, ముసురులో తడిసి పోయాం. ఆస్పత్రి మెట్లెక్కుతుంటే స్పిరిట్ వాసనకు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. కుర్చీల రంగు మారింది. వాసన మాత్రం మారలేదు.

అప్పటి డాక్టరమ్మే ఉంది. జుట్టు బాగా తెల్లబడింది. నన్ను గుర్తుపట్టలేదు. పేరు చెప్పి, సంగతి చెప్తే పాత వివరాలు తెప్పించుకుని చదివింది. చదివాక కళ్లద్దాలు తీసింది.

"లోపట బిడ్డ గుండె కొట్టుకునుడు తగ్గుకుంట వచ్చిందమ్మా. ఆగినకొద్దీ ఇంక తగ్గింది. ఇంక ఆగితే బిడ్డ దక్కేది కాదు. అందుకే ఉరికించినం. కోత కిందికి, అడ్డంగనే పెట్టిన. ఇప్పుడు చూస్తున్న డాక్టర్‌కు రాసిస్త. ప్రయత్నం చెయ్యాల్నా వద్దా ఆమెనే చెప్తది."

నేను అడగాలనుకున్నది ఇంకొకటి. "నాకు ఓపిక లేకనా మేడం?"

ఆమె నన్ను అర్థం కానట్టు చూసింది. తర్వాత అర్థమైంది.

"ఓపికనా? పొద్దటిసంది పడ్డవ్ గదా నొప్పులు. నీ పిల్ల బతికున్నదంటే నువ్వు కోతకు పోయినందుకే." కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుంది. "తెల్లారి నిన్ను కూసోబెట్టి గీ మాట చెప్పాల్సి ఉండె. ఆ రోజు ఇంకిద్దరు నొప్పులతోని ఉన్నరు. మర్నాడు గూడ గట్లనే. చెప్పలే. తప్పు నాదే."

బయటికి వచ్చి బస్టాండులో కూర్చుని ఏడ్చాను. ప్రభాకర్ కంగారుపడ్డాడు. ఏమైనా చెడ్డ మాట చెప్పిందేమో, తనకు అర్థం కాలేదేమో అనుకున్నాడు. కాదని తల అడ్డంగా ఊపాను. బొగ్గుల మీద కాల్చిన మక్క కంకి తెచ్చి చేతిలో పెట్టాడు. ఇద్దరం తింటూ ఉంటే నెమ్మదిగా తన మాట బయటపెట్టాడు. ఇన్నేళ్లలో ఎప్పుడూ చెప్పలేదు.

"ఆ రోజు నాతోని సంతకం పెట్టించుకున్నరు స్వరూపా. తల్లికి గాని బిడ్డకు గాని ఏమన్న అయితే మాది బాధ్యత కాదని. చదివేంత సేపు గూడ ఇయ్యలే. నిన్ను అమ్ముకున్నట్టు అనిపించింది నాకు. మళ్ల గసొంటి కాగితం మీద పెట్టమంటే నా చెయ్యి లేవది."

నేను నా భయం ఒక్కటే మోస్తున్నాననుకున్నాను. పక్కనే ఆయన ఇంకొకటి మోస్తున్నాడు. నా చేతిలో మిగిలిన కంకి విరిచి సగం ఆయనకిచ్చాను.

ఏడో నెల

ఇంట్లో యుద్ధం ఈ నెలలో వచ్చింది. అమ్మ జనగామ నుంచి వచ్చి రెండు పూటలు ఉండగానే అత్తమ్మకూ ఆమెకూ మాటలు పెరిగాయి.

"మీకేంది వదినా, నార్మల్ నార్మల్ అంటరు. ఏమన్న అయితే పోయేది నా బిడ్డ" అన్నది అమ్మ.

"నీ ఒక్కదానికేనా బిడ్డ? నాకు కాదా?" అన్నది అత్తమ్మ.

ఇద్దరూ నిజమే మాట్లాడుతున్నారు. ఇద్దరూ నన్ను మాత్రం అడగడం లేదు. మర్నాడు ఇద్దరినీ వెంటబెట్టుకుని మానుకోట పోయాను. డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. నొప్పులు పడేటప్పుడు పాత కుట్టు విడిపోయే ప్రమాదం తక్కువే గానీ లేకపోలేదని, అదే జరిగితే తల్లికీ బిడ్డకూ ప్రాణం మీదికి వస్తుందని, అందుకే ఇంటి దగ్గర గానీ, ఎప్పుడంటే అప్పుడు ఆపరేషన్ చేయలేని చోట గానీ ఈ ప్రయత్నం చేయకూడదని చెప్పింది. ముందే తేదీ పెట్టుకుని చేసే ఆపరేషన్‌కూ దాని కష్టాలు దానికున్నాయని చెప్పింది. నా విషయంలో ప్రయత్నించవచ్చని, కానీ మాట ఇవ్వలేనని చెప్పింది.

"మరి ఏది మంచిది మేడం?" అని అమ్మ, అత్తమ్మ ఒకేసారి అడిగారు.

"ఆమెను అడగండి" అన్నది డాక్టరమ్మ.

గదిలో అందరూ నా వైపు తిరిగారు. పెళ్లిచూపుల్లో కూడా నన్ను ఇంతమంది ఇంత శ్రద్ధగా చూడలేదు.

"నొప్పులకు చూస్త మేడం" అన్నాను. "గని మీరు ఇంక చాలు అన్నంక, జరసేపు చూద్దామని మా ఇంటోళ్లు ఎవరూ అనొద్దు. ఆపరేషన్ అయినా నాకు బాధ లేదు. ఏం చేస్తున్నరో నాకు చెప్పి చెయ్యండి. అదొక్కటే."

అత్తమ్మ సరేనన్నది. అమ్మ మాత్రం సాయంత్రం బండికే జనగామ పోతానని లేచింది. స్టేషన్‌లో బండి కదిలేదాకా నా ముఖం చూడలేదు. ఆ తర్వాత చాలా రోజులు ఫోన్ చేస్తే "మంచిగనే ఉన్న" అని పెట్టేసేది. నొప్పుల భయం కన్నా ఆ పొడి మాట నన్ను ఎక్కువ కలవరపెట్టింది.

ఆ నెలలోనే దవాఖానలో కాన్పులు చూసే నర్సు ఒకామె నాకు దగ్గరైంది. అందరూ ఆమెను సునీత సిస్టర్ అంటారు. స్పిరిట్ వాసనకు నేను చెమటలు పట్టి కూర్చోవడం చూసి ఏమైందని అడిగింది. లైట్ల సంగతి చెప్పాను. మొదటిసారి ఒక బయటి మనిషితో చెప్పడం. ఆమె నవ్వలేదు.

"రేపు మధ్యాహ్నం ఖాళీగుంటది, రా అక్కా. ముందే చూస్తే సగం భయం పోతది" అన్నది.

మర్నాడు డాక్టరమ్మను అడిగి నన్ను కాన్పుల గదిలోకి, తర్వాత ఆపరేషన్ గది గుమ్మం దాకా తీసుకుపోయింది. ఏ బల్ల మీద పడుకోబెడతారో, మత్తు సూది ఎక్కడ ఇస్తారో, బిడ్డను మొదట ఎక్కడ తుడుస్తారో చూపించింది. పెద్ద లైటు ఆర్పేసి ఉంది. పగటి వెలుతురులో అది ఇంటి వంటగదిలో పక్కన పెట్టిన పాత్రలా మామూలుగా కనిపించింది. నొప్పి వచ్చినప్పుడు ఊపిరి ఎలా వదలాలో, నడుము పట్టేస్తే ఎలా ముందుకు వంగాలో కూడా నేర్పింది. ఇంట్లో నేను చేస్తుంటే స్నేహ నా పక్కన నిలబడి అచ్చం నాలాగే ఊదేది.

తొమ్మిదో నెల, చలి మొదలు

డోర్నకల్ నుంచి మానుకోట దూరమేం కాదు. కానీ నొప్పులతో బండి కోసం ఎదురుచూడటం వద్దని డాక్టరమ్మ చెప్పింది. దవాఖానకు నడిచిపోయేంత దగ్గర్లో ఒక గది చూసుకున్నాం. ప్రభాకర్‌తో పనిచేసే ఇద్దరు, నా రక్తం గ్రూపే ఉన్నవాళ్లు, ఎప్పుడు పిలిచినా వస్తామన్నారు. ఒకాయన ఆ నెలంతా ఊరికి కూడా పోలేదని తర్వాత తెలిసింది. సంచిలో పాత మెత్తటి చీరలు, బిడ్డకు గుడ్డలు, నా కాగితాలు, భూపాలపల్లి డాక్టరమ్మ రాసిచ్చినది, ఒక ఫ్లాస్కు సర్దాను. నీళ్లు పోయినా, ఎర్రగా రక్తం కనిపించినా, బిడ్డ కదలడం తగ్గినా, నొప్పికీ నొప్పికీ మధ్య కూడా పాత కోత దగ్గర పోటు ఆగకపోయినా, ఒక్క నిమిషం ఆలోచించకుండా రావాలన్న మాట ప్రభాకర్‌తో, అత్తమ్మతో పదే పదే చెప్పించుకున్నాను.

స్నేహ బడి ఉంది కాబట్టి అత్తమ్మ దగ్గర డోర్నకల్‌లోనే ఉండాలి. మరి గదిలో నాతో ఎవరు ఉంటారన్నదే తేలలేదు. ప్రభాకర్‌కు డ్యూటీలు. నేనొక్కదాన్నే ఉంటాలే అని గొప్పగా చెప్పాను గానీ, మొదటి రోజు తలుపేసుకుని కూర్చుంటే గది గోడలు దగ్గరికి వచ్చినట్టనిపించింది.

రెండో రోజు పొద్దున తలుపు కొట్టారు. అమ్మ. చేతిలో సంచి, నెత్తి మీద తువ్వాల. ఎవరూ పిలవలేదు. చెప్పులు విడిచి, లోపలికి వచ్చి, నీళ్లు తాగి, అప్పుడు అన్నది.

"రాజవ్వ కాడ నేను లేను. నీ కాడ ఉంట. నువ్వేది చేస్కున్నా సరే. ఉంట."

నేను ఆమెను పట్టుకుని ఏడుస్తానని అనుకున్నాను. ఏడవలేదు. "తిన్నవా అమ్మా?" అని అడిగాను. "యాడ తిన్న" అన్నది. ఆ రోజు నుంచి పొద్దున పొద్దున్నే ఇద్దరం రోడ్డు వెంట నడిచేవాళ్లం. రైళ్ల చప్పుడు వింటూ అమ్మ మొదటిసారి రాజవ్వ గురించి మామూలు సంగతులు చెప్పింది. ఇప్పపువ్వు ఏరడంలో ఎంత చురుకో, పాటలు ఎట్లా కట్టేదో, చింతచిగురు కోసం చెట్టెక్కి ఎట్లా పడ్డదో. అంతకుముందు నాకు ఆమె చావు ఒక్కటే తెలుసు.

ఆ రోజు

ఒక ఆదివారం పొద్దున చాయ్ తాగుతుంటే నొప్పి వచ్చింది. గ్లాసు కింద పెట్టి ఊపిరి వదిలాను. తగ్గింది. మళ్లీ వచ్చింది. అమ్మ గోడకు చేయి ఆనించి నిలబడి నన్నే చూస్తోంది. "పోదామా?" అన్నది. ఇద్దరం నడిచే పోయాం.

సునీత సిస్టర్ డ్యూటీలో ఉంది. కడుపుకు పట్టీ కట్టి బిడ్డ గుండె చప్పుడు వినిపించే మిషన్ పెట్టింది. గుర్రం పరుగెత్తుతున్నట్టు చప్పుడు. నాకు ఆ పొద్దంతా లోకంలో అదొక్కటే వినబడింది. అది నెమ్మదిస్తే నా గుండె ఆగేది. మళ్లీ పుంజుకుంటే "గట్లనే ఉంటది అక్కా, పరేషాన్ కాకు" అనేది సిస్టర్.

ప్రభాకర్ డ్యూటీ నుంచి యూనిఫారంతోనే వచ్చాడు. డాక్టరమ్మ కాగితం తెచ్చింది. ఆయన ముఖం తెల్లబోయింది. ఆమె ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి, కాగితంలో ఏముందో ఒక్కో వాక్యం చదివి చెప్పింది. నార్మల్‌కు ప్రయత్నిస్తున్నామని, అవసరమైతే ఆపరేషన్ చేస్తామని, రెండింట్లో ఫలానా ప్రమాదాలున్నాయని. "మొదలు ఆమె పెడతది. తర్వాత మీరు" అన్నది. ముందు నేను పెట్టాను, నొప్పి తగ్గిన సందులో. నా పేరు వంకర్లు పోయింది. ఆయన నా సంతకం చూసి, నన్ను చూసి, దాని పక్కన తనది పెట్టాడు.

మధ్యాహ్నానికి కాన్పు ముందుకు సాగడం ఆగింది. డాక్టరమ్మ వచ్చి చూసి నా తల దగ్గర కూర్చుంది.

"ఇంకొంచెం సేపు చూస్త. కదలకపోతే ఆపరేషన్‌కు పోదాం. నీకు చెప్పే తీస్కపోత. సరేనా?"

"సరే మేడం." నిజంగానే సరే అనిపించింది. బల్ల ఎక్కడుందో తెలుసు. లైటు ఎక్కడుందో తెలుసు. అమ్మ నా నడుము రుద్దుతూనే ఉంది. సిస్టర్ నన్ను లేపి నిలబెట్టి, మంచం పట్టుకుని ముందుకు వంగమన్నది. అలా ఎంతసేపు ఉన్నానో తెలియదు. ఉన్నట్టుండి లోపల ఏదో దిగింది. నా నోట్లోంచి వచ్చిన అరుపు నాదేనని తర్వాత తెలిసింది.

"వస్తున్నది అక్కా, వస్తున్నది!"

ఎండ ఇంకా కిటికీలో ఉండగానే బిడ్డ పుట్టింది. తడితడిగా, వెచ్చగా నా రొమ్ము మీద పెట్టారు. ఆడపిల్ల. అందరికన్నా ముందు నేను చూశాను.

ఇక్కడితో ఆపితే అబద్ధం చెప్పినట్టు. ఆ తర్వాత రక్తం ఆగలేదు. చలి పుట్టింది, దంతాలు కొట్టుకున్నాయి. బిడ్డను తీసి అమ్మకిచ్చారు. డాక్టరమ్మ ముఖంలో నవ్వు పోయింది. సూదులు, చేతులు, గబగబా మాటలు. పాత కుట్టు విడిపోయిందేమో అన్న అనుమానం గదిలో ఉంది, నాకు తెలుస్తూనే ఉంది. కానీ ఆమె మాటిచ్చినట్టే చెప్తూ చేసింది. "గర్భసంచి గట్టిపడలే, అందుకే పోతున్నది. ఇప్పుడు చెయ్యి పెట్టి చూస్తున్న, నొస్తది. కుట్టు మంచిగనే ఉన్నది. మందిస్తున్న." చివరికి ఆగింది. ఊరికి పోకుండా ఉండిపోయిన ఆ రైల్వే అన్న వచ్చి రక్తం ఇచ్చాడు. ఆయన బయట బిస్కెట్ తింటూ, "మా చెల్లెకు చెప్పున్రి, నా రక్తంల బయ్యారం ఇనుము బాగున్నది" అన్నాడట. డాక్టరమ్మ ఎగతాళి అప్పటికే స్టేషనంతా పాకినట్టుంది.

నార్మల్ అంటే సుఖం అనుకునే వాళ్లకు ఇది చెప్పాలని రాశాను. రెండు కాన్పులూ నన్ను ప్రాణం అంచుదాకా తీసుకుపోయాయి. మొదటిసారి చీకట్లో పోయాను, రెండోసారి చేయి పట్టుకుని పోయాను. నాకు తెలిసిన తేడా అదే.

ఇంటికి వచ్చాక

డోర్నకల్‌లో ఇంటికి వచ్చేసరికి క్రిస్మస్ కోసం గోడలకు సున్నాలు వేస్తున్నారు. చూడటానికి జనం వస్తూనే ఉన్నారు. అత్తమ్మ సంతోషం పట్టలేకపోయింది. వచ్చిన ప్రతి ఒక్కరికీ బిడ్డను చూపిస్తూ, "ఈసారి నా కోడలే కన్నది. కోత లేదు, కుట్టు లేదు, తానే కన్నది" అనేది. నేను మంచం మీద నుంచి నవ్వేదాన్ని. ఆ మాట కోసం ఇన్నేళ్లు ఆగినదాన్ని కదా, తీపిగానే ఉండేది.

ఒక మధ్యాహ్నం చిన్నది నిద్రపోతుంటే స్నేహ వచ్చి మంచం అంచున కూర్చుంది. బడి బట్టలు కూడా విప్పలేదు.

"అమ్మా, చెల్లెను నువ్వు కన్నవ్ గదా?"

"ఆ, కన్న."

"మరి నన్ను ఎవరు కన్నరు?"

అత్తమ్మ అన్న ఆ మాట ఇంట్లో అన్ని రోజులు తిరుగుతుంటే నేను తీపిగా విన్నాను. అది ఎవరికి తగులుతోందో చూడలేదు. స్నేహ ఏడవడం లేదు. జవాబు తెలుసుకుందామని అడుగుతోంది, బడిలో ఏదైనా అడిగినట్టు.

దాన్ని దగ్గరికి లాక్కున్నాను. చీర కొంచెం కిందికి జరిపి పొత్తికడుపు మీద గీత చూపించాను. తెల్లబడి, మెరుస్తూ, చిరునవ్వులా వంగి ఉంది. నేనే దాన్ని అంత సేపు ఎప్పుడూ చూడలేదు.

"నువ్వు ఈడికెల్లి వచ్చినవ్. పొద్దున నుంచి పొద్దుగూకే దాకా నీ కోసం నొప్పులు పడ్డ. నీ గుండె అలసిపోయింది. ఇంక ఆగితే కష్టమని డాక్టరమ్మ ఇక్కడ తలుపు తీసింది. నువ్వు బయటికొచ్చినవ్."

స్నేహ వేలితో ఆ గీతను ఈ చివర నుంచి ఆ చివర దాకా తాకింది.

"నొచ్చిందా?"

"నొచ్చింది."

"నాకు?"

"నీకు నొవ్వలే. నీకు నొవ్వొద్దనే."

స్నేహ మంచం దిగి వంటింట్లోకి ఉరికింది. అక్కడ అత్తమ్మ నాకు కారప్పొడి దంచుతోంది. స్నేహ గొంతు ఇల్లంతా వినబడింది.

"నానమ్మా! నన్ను గూడ అమ్మనే కన్నది. తలుపు తీసి కన్నది. నీకు తెల్వదా?"

రోకలి చప్పుడు ఆగింది. అమ్మ బయట అరుగు మీద బిడ్డ గుడ్డలు మడతపెడుతూ ఇటు చూసింది. నేను దుప్పటి అంచు పట్టుకుని కూర్చున్నాను. అప్పుడు అత్తమ్మ గొంతు వచ్చింది, నెమ్మదిగా, నాకు కూడా వినబడేలా.

"అవు బిడ్డా. నిన్ను గూడ మీ అమ్మనే కన్నది. నేనే చెప్పరాక చెప్పిన."